కొమ్మ మీద సింహం

ధర్మవరంలో పెండ్లి చీర కొంగుకు సింహాలు నేయడం కొత్త కాదు. తిప్పేస్వామి మాత్రం ఈసారి సింహాన్ని చెట్టు కొమ్మ మీద పడుకోబెట్టాడు.

ఆ ఆలోచన కొడుకు దివాకర్ వల్ల వచ్చింది. ఆ ఇంట్లో మొదటి బి.ఏ. అతనే. లైబ్రరీలో చదివిన సంగతి ఒకరోజు మగ్గం పక్కన కూర్చుని నాయనకు చెప్పాడు. ఆఫ్రికాలో కొన్నిచోట్ల సింహాలు చెట్లెక్కుతాయట. కింద ఈగలు కాళ్లూ కడుపూ కుట్టి చంపుతాయి, నేల సెగ కక్కుతుంది. కొమ్మల మీదైతే కాస్త గాలి తగులుతుంది.

"అయ్యో, మృగరాజుకు గూడా మన అనంతపురం ఎండేనా!" అని తిప్పేస్వామి నవ్వాడు. "అట్లయితే నేనూ దాన్ని నీడకు ఎక్కిస్తా ఉండు."

చీర పూర్తయ్యాక ఇద్దరూ రామదాసు శెట్టి అంగడికి పోయారు. పట్టు ఇచ్చి నేయించుకునేది ఆయనే. ఆ అంగట్లో దివాకర్‌కు లెక్కలు రాసే పని గురించి కూడా ఆ రోజే అడగాలి.

శెట్టి కొంగు విప్పి చూశాడు. "ఏమప్పా తిప్పేస్వామీ, ఇది సింహమా, కోతా?"

అంగట్లో అందరూ నవ్వారు. పట్టు కోసం వచ్చి కూర్చున్న వెంకటప్ప అనే ఇంకో నేతగాడు మరీ గట్టిగా నవ్వాడు.

"సింహమే శెట్టీ. కొన్ని ఎక్కుతాయంట. మావాడు చదివినాడు."

"పెండ్లికూతురోళ్లు దీన్ని నా మొగాన కొడతారు. నీకు వయసైపోయినాది, ఇంక పెండ్లి చీరలు వద్దులే. సాదా అంచులు నేసుకో." శెట్టి దివాకర్ వైపు తిరిగాడు. "ఏమప్పా బి.ఏ., నువ్వు చెప్పు. సింహం చెట్టెక్కుతాదా?"

నాయన ధీమాగా తన వైపే చూస్తున్నాడు. శెట్టి మాటను అందరి ముందూ కాదంటే పని ఇస్తాడో, ఇవ్వడో.

"నాకు తెలీదు సార్" అన్నాడు దివాకర్.

"బుద్ధిమంతుడు. రేపట్నుంచి పనికి రా."

దారిలో తిప్పేస్వామే ముందు మాట్లాడాడు. "నువ్వు చెప్పింది చిరుతపులి సంగతి అయ్యుంటాది. నేనే మరిచిపోయింటా."

దివాకర్ ఆగిపోయాడు. "లేదు నాయనా. సింహమనే చెప్తి."

"మరి ఆడ యాల చెప్పకపోతివి?"

"పని ఇయ్యడేమోనని."

"ఇచ్చినాడు గదా. పొద్దున్నే పో" అని తిప్పేస్వామి ముందుకు నడిచాడు.

దివాకర్ వెనక్కి పరుగెత్తాడు. ఈగలు, ఎండ, చెట్లు అన్నీ రొప్పుతూ శెట్టికి చెప్పాడు. తప్పు నాయనది కాదన్నాడు.

"ఎక్కితే ఎక్కనీలేప్పా. ఆ మాట అప్పుడే చెప్పింటే వినేవాణ్ణి. మీ నాయనకు ఇయ్యాల్సిన పెండ్లి చీర పట్టు ఇప్పుడే వెంకటప్పకు తూచి ఇస్తి."

వెంకటప్ప పట్టు మూట చంకలో పెట్టుకుని, దివాకర్ ముఖం చూడకుండా మెట్లు దిగాడు.

"పొద్దున వస్తావా, రావా?" అడిగాడు శెట్టి.

సాదా అంచుల కూలితో ఇల్లు గడవదు.

"వస్తా సార్" అన్నాడు దివాకర్.