సీసం కాదు, సీస అనుకున్నాడు

పరశురాం పేరు వింటేనే ఎల్లస్వామికి ఒళ్లు మండుతుంది. సొంత వాడ మనిషే. "అన్నా, విత్తనాల గోదాం కడ్తరు, మనోళ్లకే పని" అని నమ్మించి, ఎల్లస్వామికి సర్కారు పంచిన, అమ్మకూడని లావణి పట్టా భూమికి వేలిముద్ర వేయించుకున్నాడు. తీరా అక్కడ లేచింది పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ. దాని మురికినీళ్ల మోరీ వాగులో కలిశాక గొర్రెలు చచ్చాయి. పిల్లలు కడుపు పట్టుకుని దవాఖానల చుట్టూ తిరుగుతున్నారు.

నల్గొండ కాలేజీలో చదివే అనూహ్య ఆ వాడ పిల్లే. పసుపు కాగితపు పట్టీలు తెచ్చింది. నీళ్లలో సీసం ఉంటే పట్టీ ఎర్రబడుతుంది. అధికారుల ముందు ఎర్రబడితే ఫ్యాక్టరీకి తాళం పడాల్సిందే. ఫోన్ చేసి చెప్పింది:

"కాకా, రేపు ఆఫీసర్లొస్తరు. సీసం చూస్తరు. నీళ్లు పట్టి పెట్టు."

ఎల్లస్వామికి వినబడింది సీస, నీళ్లు పట్టే సీసా.

"ఇన్నవా మారెమ్మా? మన చేతి నీళ్లు తాగుతరంట గని, ముందుగాల సీస సాఫ్ ఉందా లేదా చూస్తరంట!"

"చూడనియ్యి. మనకేం తక్కువ?" అంది భార్య.

ఆయనే కూర్చుని బూడిదతో తోమాడు. ఫిల్టర్ నీళ్లు పోసి మూత బిగించాడు.

మర్నాడు బడి ముందు వాడంతా గుమిగూడింది. అనూహ్య ఆ సీసలో పట్టీ ముంచింది. పట్టీ పసుపుగానే ఉంది. మళ్లీ ముంచింది. పసుపే.

"మీరిచ్చిన నీళ్లే గదా. అయిపోయింది" అని ఆఫీసరు లేచాడు.

ఆఫీసర్ల పక్కన కుర్చీలో కూర్చున్న పరశురాం పకపకా నవ్వాడు. "ఏందన్నా, సీస మస్తు మెరుస్తాంది! నీళ్లు గూడ ఫిల్టరేనా?"

అప్పుడర్థమైంది ఎల్లస్వామికి. తల భూమిలోకి దిగిపోయినట్టయింది. "సీసమంటే... సీస గాదా బిడ్డా?"

"తప్పు నాది గూడ కాకా. కాలేజీ మాట మాట్లాడితి, వాడ మాట మర్సిపోతి."

జనం గొణిగారు. ఒకడు ఉమ్మేశాడు. ముసలి బిక్షమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"ఏందిరా గా చూపులు? కడిగినోడు సిగ్గువడాల్నా? కలిపినోడు కుర్సీల కూసున్నడు, వాన్ని అడుగుండ్రి!"

"సారూ, జర ఆగుండ్రి" అంది మారెమ్మ. "నీళ్లు మోరీ కాడనే పడ్దాం."

"అది కంపెనీ జాగా. కాలు పెడితే కేసు" అన్నాడు ఆఫీసరు.

ఎల్లస్వామి అనూహ్య ముందు చెయ్యి చాచాడు. పట్టీ తీసుకుని నడిచాడు. వెనక మారెమ్మ, బిక్షమ్మ, ఆ వెనక వాడ, ఆఫీసర్లు, పరశురాం. తీగల కంచె వంగింది. మోరీలో చెయ్యి పెట్టి, పట్టీ పైకెత్తాడు. నెత్తురంత ఎరుపు.

"చూసినవా పరశురాం!" అని వాడ అరిచింది. పరశురాం నవ్వు ఆగిపోయింది.

కంపెనీ పిలిపించిన పోలీసులు ఎల్లస్వామి రెక్క పట్టుకున్నారు. వ్యాను దగ్గర కూడా ఆయన కళ్లు ఎత్తలేకపోయాడు. ఆ మెరిసే సీసే కళ్ల ముందు. కానీ వెనకాల మారెమ్మ వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది, "నన్ను గూడ రాసుకో." తర్వాత బిక్షమ్మ. తర్వాత ఉమ్మేసినవాడు.

"అందరెక్కడికి? జరుగుండ్రి!" అని ఎస్సై ఎల్లస్వామి వైపు తిరిగాడు. "పరాయి జాగాల చొచ్చినవ్. పేరు చెప్పు."

ఎల్లస్వామి అప్పుడు తల ఎత్తాడు.

"పేరు తర్వాత సారూ. ముందు జాగా రాయి. నేను నిలవడ్డది నా భూమి. ఎకరం పన్నెండు గుంటలు."