తలుపు తెరుచుకోని ఆట

కరెంటు బిల్లు కట్టాలి. గది తాళంచెవులు ఓనరుకు అప్పగించాలి. గోడకు కొట్టిన మేకులన్నీ పీకి కన్నాలు పూడ్చాలి. రిపేరుకిచ్చి మరిచిపోయినవాళ్ళ రేడియోలు, ఇస్త్రీపెట్టెలు ఎవరివి వాళ్ళకు చేర్చాలి. పనిముట్లు టెక్నికల్ స్కూలుకు ఇచ్చేయాలి. బల్ల కింద ఉన్న అట్టపెట్టెల సంగతి తేల్చాలి.

నెలాఖరులోగా కావలసిన పనులు ఇవి. టైపు టీచరమ్మ వీటిని వరసగా రాసుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఒక్కొక్కటీ అయిపోయేకొద్దీ గీత కొట్టుకుంటూ వచ్చింది. తాళంచెవులు ఎలాగూ ఆఖరి రోజు మాటే, అట్టపెట్టెల దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది.

ఆవిడను వీధిలో అందరూ టైపు టీచరమ్మ అనే పిలుస్తారు. టైపు నేర్పడం మానేసి చాలా కాలమైంది, టైపు మిషన్లే లేకుండా పోయాయి, పిలుపు మాత్రం మిగిలింది. చుట్టుపక్కల ఆఫీసుల్లో తల నెరిసిన గుమాస్తాలు చాలామంది ఆవిడ చేతికింద వేళ్ళు నొప్పెట్టేలా నేర్చుకున్నవాళ్ళే. ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం మొత్తం చింపించేది. తెల్లరంగు పూసి దిద్దడం ఆవిడ దగ్గర చెల్లదు. తప్పున్న కాగితం మన చెయ్యి దాటితే ఊరంతా మన పేరుతోనే తిరుగుతుందని చెప్పేది.

గది తమ్ముడిది. జిరాక్సు షాపు మీద రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు. అతను పోయి మూడు నెలలైంది. పెళ్ళి చేసుకోలేదు. పగలంతా రిపేర్లు, సాయంత్రం అక్కయ్య ఇంట్లో భోజనం. ఆమె కూతురికి సొంత మేనమామ అయితే, వీధిలో మిగతావాళ్ళందరికీ రిపేరు మామయ్య. తెగిపోయిన వైరు అతికించడానికి డబ్బు తీసుకోకపోవడం ఒక్కటే అతను చేసిన వ్యాపారంలో అందరికీ గుర్తున్న విషయం.

వయసులో ఉన్నప్పుడు అతనొక వీడియోగేమ్ తయారుచేశాడు. టీవీకి తగిలించే గేమ్ పెట్టెలో దూర్చే క్యాసెట్టు. పేరు దీపాల మేడ. ఆరంతస్తుల చీకటి మేడలో ఒక్కో అంతస్తులో దీపం వెలిగించుకుంటూ ఒక్కో తాళంచెవి సంపాదించి పైకెళ్ళాలి. అన్నీ అతనే చేశాడు. బొమ్మలు, పాట, లోపలి లెక్కలు. ఆడే విధానం చెప్పే చిన్న పుస్తకం మాత్రం అక్క టైపు చేసిపెట్టింది. ఉన్నదంతా ఊడ్చి కొన్ని వందల క్యాసెట్లు చేయించి దుకాణాలకు పంపాడు.

నాలుగో అంతస్తు తలుపు తెరుచుకోలేదు. తాళంచెవి చేతిలో ఉన్నా తలుపు కదలదు. లోపల ఎక్కడో ఒక అంకె తప్పు పడింది. ఆ సంగతి అతనికి తెలిసేసరికి క్యాసెట్లు అమ్ముడవుతున్నాయి.

ఇంకొకరైతే చూసీచూడనట్టు ఊరుకునేవాళ్ళు. అతను రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత అక్క చేత ఉత్తరం టైపు చేయించి, తెలిసిన దుకాణాలన్నిటికీ, గ్యారంటీ కార్డు పంపిన వాళ్ళందరికీ పోస్టు చేశాడు. తప్పు మాది, క్యాసెట్టు తిప్పి పంపండి, సరిచేసి మా ఖర్చుతోనే మళ్ళీ పంపుతాం అని. క్యాసెట్లు మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి. అతను ఒక్కొక్కటీ విప్పి, చిప్పు బయటికి తీసి, ఒక రకం ఊదారంగు దీపం కింద పెట్టి పాత రాత చెరిపి, సరైనది ఎక్కించేవాడు. అక్క స్క్రూలు బిగించి, చేసినవీ చేయనివీ కలిసిపోకుండా వెనకవైపు గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టేది. అన్నీ సరయ్యేసరికి బజారులోకి కొత్తరకం గేమ్ పెట్టెలు వచ్చేశాయి. దుకాణాలవాళ్ళు సరిచేసినవాటిని మళ్ళీ తీసుకోలేదు, కొన్నవాళ్ళు కూడా మాకిక వద్దని రాశారు. అవి బల్ల కిందికి చేరాయి.

కొన్నేళ్ళ తర్వాత ఒక టోకు వ్యాపారి దుకాణం మూసేస్తూ, అడుగున దొరికిన ఏడు క్యాసెట్లు పైకాగితం కూడా చింపకుండా తిప్పి పంపాడు. అప్పటికి చెరిపే దీపం కాలిపోయింది, అలాంటిది దొరకలేదు. దొరికే రోజులు వచ్చేసరికి తమ్ముడి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఎప్పుడు అడిగినా, రేపు చూద్దాంలే అక్కా అనేవాడు.

ఇదీ అట్టపెట్టెల కథ. టీచరమ్మ కూతురు బ్యాంకులో పని చేస్తుంది, ఆమెకు కథతో పని లేదు. పెట్టెల ఫోటో తీసి, పాత సామాను కొనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఫోనులో పెట్టింది. మర్నాడు పొద్దున్నే పాత ఆటల వ్యాపారి ఒకడు గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. శుభ్రమైన తెల్ల చేతితొడుగులు తెచ్చుకున్నాడు. ఆపరేషన్‌కు వచ్చావా నాయనా అని టీచరమ్మ తలుపు తీసింది.

పైపెట్టె తెరవగానే అతని మొహం వెలిగింది. ఒక క్యాసెట్టు తిప్పి చూసేసరికి వెలుగు పోయింది.

“వీటిని ఎవరో విప్పారమ్మా. స్క్రూల చుట్టూ గీతలున్నాయి. పైగా ఈ ఎర్రచుక్కేంటి, గోళ్ళరంగా?”

“గోళ్ళరంగే. నేనే పెట్టాను.”

“అయితే పాడుచేసింది మీరేనన్నమాట.”

“బాగుచేశాం,” అంది టీచరమ్మ.

అతను ఆ మాట చెవిన వేసుకోలేదు. అడుగున ఉన్న పొట్లం చేతికి తగిలింది. పైకాగితం చెక్కుచెదరని ఏడూ బయటికి తీసి, మరి లేవకుండా నేల మీదే చతికిలబడ్డాడు. ఒక్కోదానికి ఎంత ఇస్తాడో చెప్పాడు. కూతురు వినపడనట్టు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాడు.

టీచరమ్మకు సంగతి కొరుకుడు పడలేదు. ఆడటానికి పనికొచ్చేవి పెట్టెడున్నాయి, వాటికి విలువ లేదంటాడు. పనికిరాని ఏడింటికి ప్రాణం పెడతానంటాడు. ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. బాగా అమ్ముడైన ఆట ప్రతి ఇంటి అటక మీదా ఉంటుంది, దాన్నెవరూ ఎగబడి కొనరు. ఎవరికీ అక్కర్లేని ఆట కొద్దిగానే ఉంటుంది. ఆ కొద్దిలోనూ పిల్లలు డబ్బాలు చింపేస్తారు, పెద్దలు చెత్తలో పారేస్తారు, మిగిలినవి చెమ్మకు పోతాయి. ఇక కొనేవాళ్ళలో ఒక రకం ఉన్నారు. ఒక గేమ్ పెట్టెకు వచ్చిన క్యాసెట్లన్నీ, ఒక్కటీ వదలకుండా, అలమారలో వరసగా ఉండాలనుకునే రకం. వాళ్ళకు అన్నీ దొరికి ఆఖరున ఇదొక్కటే మిగిలిపోతుంది. ఆ ఒక్క ఖాళీ రాత్రీ పగలూ కంట్లో నలుసులా ఉంటుంది.

“దీపాల మేడ ఎందుకింత తక్కువ మిగిలిందో మాత్రం ఎవరికీ తెలీదమ్మా,” అన్నాడు. “చేసినవాడు కావాలనే తలుపు బిగించి, డబ్బు తీసుకుని పారిపోయాడంటారు. మా వాళ్ళు ఆయన్ని తాళాలాయన అంటారు.”

కూతురు నవ్వబోయి తల్లి మొహం చూసి ఆగింది.

టీచరమ్మ జరిగింది చెప్పింది. పారిపోలేదని, ఇదే గదిలో ఇదే కుర్చీలో ఉన్నాడని, ఉత్తరాలు రాసి వెనక్కి అడిగి తెప్పించుకున్నాడని. అతను నోరు తెరుచుకుని విన్నాడు. అంటే ఇప్పుడు అలమారల్లో ఉన్నవన్నీ ఉత్తరం అందినా బద్ధకించి పంపనివాళ్ళవీ, అసలు ఉత్తరమే అందనివాళ్ళవీ. ఆ మనిషి నిజాయితీ కొంతా, జనం బద్ధకం కొంతా కలిసి ఆ ధర తెచ్చాయి.

“నువ్వు ఆరో అంతస్తు చూశావా?” అని అడిగింది.

చూడలేదన్నాడు. చూసినవాళ్ళు ఎవరూ లేరన్నాడు. టీచరమ్మ మూలనున్న టీవీ పెట్టి, గేమ్ పెట్టెలో ఎర్రచుక్క క్యాసెట్టు దూర్చి, కుర్చీ చూపించింది. మధ్యాహ్నం దాకా ఆడాడు. నాలుగో తలుపు తెరుచుకున్నప్పుడు చేతితొడుగులు తీసి పక్కన పెట్టాడు. ఆరో అంతస్తులో దీపం వెలగగానే కిటికీ అవతల ఊరు ఊరంతా ఒక్కో ఇల్లే వెలుగుతూ పోతుంది. ఆఖరి ఇంటి మీద చేసినవాడి పేరు వచ్చి కాసేపు నిలబడుతుంది. అతను ఆ పేరు పైకి చదివాడు. చాలా బాగుందన్నాడు. ఆ వెంటనే, ఏడింటినీ ఎప్పుడిస్తారని అడిగాడు.

టీచరమ్మ ఒక షరతు పెట్టింది. అమ్మేటప్పుడు ఈ నిజం కూడా రాసి అమ్మాలి. అతను ఎగిరి గంతేశాడు.

“తప్పకుండా రాస్తానమ్మా. ఇంత మంచి కథ ఉంటే ధర రెండింతలవుతుంది. చేసినవాడు సరిచేయలేకపోయిన ఆఖరి ఏడు అని రాస్తాను.”

ఆవిడ ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఆలోచించి చెబుతానని పంపించేసింది.

ఆ రాత్రి తల్లీకూతుళ్ళకు పెద్ద గొడవే అయింది. కూతురు మాటల్లో తప్పు పట్టడానికేమీ లేదు. తల్లి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటుంది. డాక్టరు ఆపరేషన్ అన్నప్పటి నుంచి వచ్చే ఏడాది చూద్దామని వాయిదా వేస్తూనే ఉంది. ఇప్పుడు ఆ ఏడు డబ్బాలు రెండు మోకాళ్ళకూ సరిపోతాయి. మామయ్య బతికుంటే తనే అమ్మించేవాడని కూతురు వాదించింది. బతికుంటే ముందు సరిచేసి ఆ తర్వాత అమ్మేవాడని తల్లి అంది. సరిచేస్తే ఎవరు కొంటారని కూతురు, కొనకపోతే మానేస్తారని తల్లి. అది అక్కడితో తెగలేదు.

“వాడు దాచుకున్నవి కావే అవి,” అంది చివరికి టీచరమ్మ. “వాడు చేయాల్సిన పని. వాడి పేరు మీద తప్పు కాగితం నేనే పోస్టులో వేసి, దాంతో మోకాళ్ళు బాగుచేయించుకోమంటావా?”

కూతురు మొహం మాడ్చుకుని గదిలోకి వెళ్ళిపోయింది. పొద్దున మాత్రం బ్యాంకుకు సెలవు పెట్టి, పొట్లం తనే ఎత్తుకుని, ముందు మెట్లు దిగి కింద నిలబడింది.

టెక్నికల్ స్కూల్లో ల్యాబు మాస్టారు పాతకాలం మనిషి. చిప్పు చెరిపే దీపం ఇప్పుడు చవగ్గానే దొరుకుతోందట, ఒకటి ల్యాబులో ఉంది. ఎర్రచుక్క క్యాసెట్టులోని రాత చదివి పెట్టుకుంటే చాలు, మిగతావాటికి ఎక్కించడం చిన్నపని అన్నాడు. కానీ వాటి పైకాగితం చూసి వెనకాడాడు. తన కొడుకు ఇలాంటివి సేకరిస్తాడు, రేటు తనకు తెలుసు. మరొకసారి ఆలోచించుకోమని కూతురి వైపు చూశాడు.

“ఆలోచించడం అయిపోయిందండీ,” అంది కూతురు. “చింపేదీ బిగించేదీ అమ్మే. మీరు చిప్పుల సంగతి చూడండి చాలు.”

టీచరమ్మ గోటితో పైకాగితం చీల్చింది. ఏడూ చీల్చింది. స్క్రూలు తీసేటప్పుడు చెయ్యి తడబడలేదు, అలవాటు పోలేదు. చిప్పులు దీపం కింద ఉన్నంతసేపూ తల్లీకూతుళ్ళు వరండా బల్ల మీద కూర్చుని తెచ్చుకున్న అన్నం తిన్నారు. మేనమామ గురించి ఒక్క మాటా అనుకోలేదు. ఇంట్లో పాలు అయిపోయాయని, దారిలో తీసుకోవాలని అనుకున్నారు. తిరిగి లోపలికి వెళ్ళాక మాస్టారు ఒక్కోదాన్నీ గేమ్ పెట్టెలో దూర్చి నాలుగో అంతస్తు దాకా ఆడి చూశాడు. ఏడింట్లోనూ తలుపు తెరుచుకుంది. టీచరమ్మ సంచీలోంచి గోళ్ళరంగు సీసా తీసి మూత తిప్పింది. ఎండిపోయింది. కూతురు తన హ్యాండుబ్యాగులోది ఇచ్చింది. అది ఎరుపు కాదు, గులాబీ. ఏం పర్లేదని అదే పెట్టేశారు.

వ్యాపారికి ఫోను చేసి విషయం చెప్పారు. తిడతాడేమోననుకున్నారు. తిట్టలేదు.

“మీరు చేసినదానివల్ల ఏమవుతుందో తెలుసా అమ్మా?” అన్నాడు. “బయట ఉన్నవి ఇంకా అరుదైపోయాయి. రేపటి నుంచి వాటి ధర పెరుగుతుంది. మీరు తలుపు తీస్తే వాళ్ళకు లాభం వచ్చింది.”

“పెరగనీ బాబూ. అవి వాళ్ళ దగ్గరున్నవి. మా దగ్గర మిగిలిన పని అయిపోయింది.”

నెలాఖరుకు గది ఖాళీ చేశారు. క్యాసెట్లు కొన్ని టెక్నికల్ స్కూలుకు వెళ్ళాయి, కొన్ని అడిగినవాళ్ళకు వెళ్ళాయి. వ్యాపారి కూడా ఒకటి అడిగి తీసుకున్నాడు, అమ్మడానికి కాదని రెండుసార్లు చెప్పాడు. టీచరమ్మ ఇప్పటికీ గోడ పట్టుకునే మెట్లెక్కుతోంది. కూతురు బ్యాంకులో అప్పుకు దరఖాస్తు పెట్టి, ఆ సంగతి తల్లికి ఇంకా చెప్పలేదు. పాత ఆటల ధరల పట్టీల్లో దీపాల మేడ పైపైకి పోతోంది. పారిపోయిన మనిషి కథ కూడా దాంతోపాటే తిరుగుతోంది, అది నిజం కన్నా వినడానికి బాగుంటుంది కాబట్టి.

మీకు ఎక్కడైనా గాజు తలుపుల అలమారలో ఆ క్యాసెట్టు కనబడితే, దాని ధర విని ముక్కున వేలేసుకోండి, తప్పులేదు. కానీ దాన్ని చేసినతను, తెలిసిన ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాసి, తప్పు మాది, తిప్పి పంపండి అని అడిగిన మనిషి. కాసేపు అక్కడ నిలబడి అతన్ని తలుచుకోండి.