తేర్చి ఇచ్చిన నీళ్లు

శబరి మీద పడవ నడిపే ముత్తయ్యకు వేలిముద్ర వెయ్యడం కొత్త కాదు. బస్తర్ రాజ్యంలో పుట్టినవాడు బొటనవేలికి సిరా అంటకుండా చచ్చిపోవడం అయ్యే పని కాదు. అయినా ఆ రోజు రేంజరు సిరాపెట్టె ముందుకు జరిపితే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం రాసిన్రో ముందు చదవమనుండ్రి సాబ్."

"చదివితే నీకు సమఝయితదా? ఠప్పా కొట్టు."

"సమఝగాకుంటే మళ్లొకసారి చదివించుకుంట."

డేరాలో దుప్పటి కప్పుకుని కూర్చున్న వెంకటనారాయణగారు కాగితం అందుకున్నారు. ఆయన రాజమండ్రి కాలేజీలో భూగోళం చెప్పే పంతులు. గోదావరి కాలవల్లో ఏటా పడే మేట ఏ కొండల మట్టో తేల్చడానికి వానలకు ముందే వచ్చి శబరి ఒడ్డున దిగారు. అక్కడ రెండు వాగులు నదిలో కలుస్తాయి. ఒకటి దోర్లవాళ్లు పోడు చేసుకునే కొండ మీద నుంచి వస్తుంది. రెండోది సర్కారు టేకు నరికించే కూపు నుంచి. రోజూ రెండు వాగుల నీళ్లూ సీసాల్లో తెప్పించుకుని, గుడ్డలో వడగట్టి, మిగిలిన మట్టిని ఎండబెట్టి కంసాలి త్రాసులో తూచేవారు. తనే వెళ్లి పట్టుకుందామనుకున్నారు గానీ మొదటి వారంలోనే చలిజ్వరం మంచాన పడేసింది. అందుకని పోడు వాగు సీసా ఫారెస్టు గార్డు తెచ్చేవాడు, వాగులో దిగి తొక్కి బురద లేపిన చోటే ముంచి. కూపు వాగు సీసా ముత్తయ్య తెచ్చేవాడు.

"కూపు వాగులో మట్టి లేనట్టే," చదివారు పంతులుగారు. "పోడు వాగులో ఇరవై రెట్లు ఉంది. కనుక మేటకు కారణం పోడు. వచ్చే ఏటి నుంచి ఆ కొండ మీద పోడు ఆపించి ఊరిని కిందికి దింపాలి. కూపు నీళ్లు నువ్వే తెచ్చావని సాక్ష్యం, అంతే."

ముత్తయ్య డేరా బయటికి చూశాడు. కొండ మీది ఊరికి పెద్ద మాడ. హుకుం వినిపోవడానికి పిలిపిస్తే వచ్చి, డేరా బయట వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"దొరా, తప్పయింది. ఆ నీళ్లు నేను తేర్చి ఇచ్చిన," అన్నాడు ముత్తయ్య.

"తేర్చడమేమిటి?"

"ఇంటికాడ కుండకు చిల్లగింజ రుద్ది, నీళ్లు పోసి, మట్టి అడుక్కు దిగినంక పైతేట సీసాల పట్టిన. జొరంతోటి ఉన్న మనిషికి బురద నీళ్లు ఎట్ల ఇస్తవని మా ఇంటిది బుల్లమ్మ తిట్టింది."

"అవి తాగడానిక్కాదయ్యా."

"అది మీరు చెప్పలే. సీసా చేతిలవెట్టి నీళ్లు తెమ్మన్నరు. పరాయి మనిషి నీళ్లడిగితే మా దిక్కు తేర్చే ఇస్తం."

బయట మాడ ఉమ్మేశాడు. "మంచిగుంది బావా. దొరకు మర్యాద చేస్తివి, నా ఊరికి పాడె కడితివి."

ఆ మాట ముత్తయ్యకు వెన్నులో దిగింది. నిజమే మరి. మూడు నెలల పాటు రోజుకొక సీసా చొప్పున ఊరిని అమ్మినట్టే అయింది, అదీ ఎవరూ అడక్కుండానే.

"రాసింది రాసినట్టే," అన్నాడు రేంజరు. "ఠప్పా పడకుంటే రేవు ఇంకొకనికిస్త."

పంతులుగారు త్రాసు వైపు చూస్తూ గొణిగారు. "మూడు నెలల పని ముత్తయ్యా. అడవి ఉన్నచోట నేల కదలదని పుస్తకాల్లోనూ ఉంది."

"కూపుల అడవేడిది దొరా? మొద్దులున్నయి. దున్నలతోని దుంగలు గుంజిన బాటలన్నీ వానకు వాగులైతన్నయి. మాడ నాగలి పెట్టడు, మొద్దు పీకడు, కొట్టిన మాన్లు మట్టి జారకుండ వాలుకు అడ్డం పెడతడు. మీ కండ్లతోటి చూడుండ్రి."

"నేను నడవలేను."

"మోస్తం. చూడకుంటే మటుకు ఈ కాగితం నా పడవెక్కదు. నా వేలు నరుక్కపోయినా సరే, ముద్ర నేనెయ్య."

ఏరు నిండుగా ఉంది. ఆ రేవులో మరో పడవ లేదు. పంతులుగారు బూట్ల కోసం చూశారు.

కర్రకు దుప్పటి కట్టి, ముందు మాడ, వెనక ముత్తయ్య భుజం పెట్టారు. కూపు వాగు దగ్గర పంతులుగారు తన చేత్తోనే సీసా ముంచారు. సీసా వెనక వేలు పెట్టుకుని చూస్తే వేలు కనపడలేదు. అక్కణ్ణించి పోడు వాగుకు తీసుకుపొమ్మన్నారు. అక్కడి నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి, అంతే. డేరాకు తిరిగొచ్చాక ఆ కాగితం అడ్డంగా కొట్టేసి, కింద తేదీ వేసి సంతకం పెట్టారు.

"నీ వల్ల నా పని నదిలో కలిసింది," అన్నారు.

"మల్ల చెయ్యుండ్రి. మట్టి ఏడికీ పోలే."

మర్నాడు ముత్తయ్య ఆయన్ను అవతలి గట్టుకు దాటించి తిరిగొచ్చేసరికి రేంజరు రేవులో ఉన్నాడు. రేపటి నుంచి ఇక్కడ పడవ తాడు కట్టొద్దన్నాడు.

"ఇగ కట్ట సాబ్," అన్నాడు ముత్తయ్య.

సాయంత్రానికల్లా బుల్లమ్మనూ కుండలనూ పడవలో ఎక్కించి పోడు వాగు మొగలోకి తీసుకుపోయాడు. కొండెక్కే దారికి అదే మొదలు. గుడిసెకు గుంజలు పాతుతుంటే మాడ పైనుంచి దిగి వచ్చాడు.

"ఇక్కడేందే బావా? ఏరు పొంగితే మునుగుతవు."

"మునగనీ. నీ ఊరిని దింపెటోడు ముందు నన్ను లేపాలె."

మాడ వంగి రెండో గుంజ పట్టుకున్నాడు.