తిప్పమ్మ అనే రాయప్పా

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఉమాదేవికి ముందు ఇద్దరు ఆడబిడ్డలు పుట్టి పోయినారు. పెద్దది నెల తిరక్కముందే, రెండోది నాలుగో నెలలో. మూడోసారీ ఆడబిడ్డే పుట్టింది. పదకొండో రోజు అత్త మారెక్క బిడ్డను చాటలో పడుకోబెట్టుకోని ఊరి బయట తిప్ప కాడికి పోయింది. పేడా కసువూ పోసే కుప్పను ఆడ తిప్ప అంటారు. బిడ్డను దాని మీద పెట్టి, "ఈ పిల్ల మాకొద్దు" అని గట్టిగా చెప్పి ఎనక్కి తిరిగింది. పక్కింటామె బిడ్డను ఎత్తుకోని, మారెక్క దగ్గర దోసెడు కొర్రలు పోయించుకోని మళ్ళీ ఆమె చేతికే ఇచ్చింది. పారేసిన బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. అట్ల తెచ్చుకున్న బిడ్డ తిప్పమ్మ.

ఉమాదేవి మొగుడు మల్లికార్జునకు ఆ పేరు గిట్టలేదు. సెల్లులో ఎతికి ఎతికి తన్విక అని తేల్చినాడు.

"అంటే ఏమి?" అని ఉమాదేవి అడిగింది.

"సంస్కృతమంట. సన్నగా, అందంగా ఉండేది అని."

"రెండు కేజీలు కూడా లేకుండా పుట్టింది. ఇంకా సన్నగా ఎందుకు?"

"రేపు బడిలో చెత్తకుప్పా అని ఎక్కిరిస్తే?"

"ఎక్కిరిస్తే ఏడుస్తాది. ఏడ్చేదానికైనా ఉండల్ల కదా. పెద్దదానికి సాన్వి, రెండోదానికి ఆద్య అని ఇట్లే ఏరినాం. ఒకటి లక్ష్మి అంట, ఒకటి ఆదిశక్తి అంట. బతుకు అని చెప్పే పేరు ఇదొక్కటే."

"పేరు పెడితేనే బతుకుతాదా?"

"సూదులు ఏపిస్తాండా, మందులు పోస్తాండా, పేరూ పెడతాండా. ఏదీ వదలను."

పక్క మిషన్ మీద కుట్టే పెద్దక్క బిడ్డను చూసేదానికి వచ్చి ఈ గొడవంతా వినింది. పెద్దక్కోళ్ళు చర్చికి పోయేవాళ్ళు.

"మా చెల్లెలి పేరు పుల్లమ్మ. పుల్లాకుల్లో, అదే ఎంగిలాకుల్లో, పొర్లించి పెట్టినారు. బాప్తిస్మంలో దీవెనమ్మ అని మార్చినారు, మంచిపేరే. ఇప్పుడు అరవై ఏండ్లు. పుల్లమ్మా అంటేనే పలుకుతాది," అని నవ్వింది.

మరుసటి రోజు పొద్దున ఉమాదేవి బిడ్డను ఒడిలో కట్టుకోని వార్డు సచివాలయానికి పోయింది. జనన పత్రంలో పేరు ఎక్కించేదానికి మల్లికార్జున నింపి పెట్టిన దరఖాస్తు ఆమె చేతిలోనే ఉండాది. తన్విక అనే మాట కొట్టేసి పక్కన తిప్పమ్మ అని రాసింది.

కంప్యూటర్ ముందర కూచున్న ఉదయ్ కుమార్ అది చూసి తల గోక్కున్నాడు. "అక్కా, ఒకసారి ఎక్కితే మార్చేది కష్టం. తృప్తి అని పెట్టేదా? దగ్గరగానే ఉంటాది."

"దగ్గర పేరు నాకొద్దు. తిప్పమ్మ అనే రాయప్పా."

"బిడ్డ నాయనను పిలుచుకోని రా."

"కన్నది నేను. సంతకం నేను చేస్తా."

అతను వేరే పని చూసుకున్నాడు. ఆమె బెంచీ మీద కూచునింది. జనం వచ్చినారు, పోయినారు. బిడ్డకు రెండుసార్లు పాలిచ్చింది. లేచి పోలేదు. మధ్యాన్నం ఉదయ్ కుమారే దగ్గరికొచ్చి అడిగినాడు. "ఎందుకక్కా ఇంత పంతం?"

పోయిన ఇద్దరి సంగతీ చెప్పింది. అతను బెంచీ మీద ఆమె పక్కన కూచున్నాడు.

"మా తాత పేరు ఫక్కీరప్ప. మేము హిందువులమే. ముగ్గురు పోయినాక పుట్టినాడంట. దర్గాకు మొక్కుకోని, బిచ్చమెత్తి ఆ పేరు పెట్టినారంట. ఫకీరు అంటే బిచ్చగాడే కదా. ఎనభై రెండేండ్లు ఉన్నాడు," అని చెప్పి పోయి తన కుర్చీలో కూచున్నాడు. ఒక్కొక్క అక్షరమూ ఆమెకు చూపించి ఎక్కించినాడు.

ఇంట్లో మల్లికార్జున ఆ కాగితాన్ని రెండుసార్లు చదివినాడు. బిడ్డ పుట్టి రెండు నెలలైనా అతను ఏ పేరుతోనూ పిలవలేదు. పిలిస్తే ముందరి ఇద్దరి మాదిరి పోతాదేమోనని.

"నాకు భయం ఉమా."

"నాకూ భయమే. పిలువు."

అతను చాప మీద మోకాళ్ళూని బిడ్డ మీదికి వంగినాడు. మొదటిసారి బిడ్డకొక్కదానికే వినపడేటట్లు పిలిచినాడు. రెండోసారి, "తిప్పమ్మా" అన్నాడు, వంటింట్లో మారెక్కకు కూడా వినపడేటట్లు.