పదో స్తంభం దాటాక

అతను బావ చొక్కా జేబు మీద అరచేత్తో తట్టి చూశాడు. మాత్రల అట్ట లోపల చిటపటలాడింది. ఉంది. నాలుగడుగులు వేశాక మళ్ళీ అనుమానం వచ్చింది. అది మాత్రల అట్టేనా, స్క్రూల పొట్లమా? వెనక్కి వచ్చి ఈసారి జేబులోకి రెండు వేళ్ళు దూర్చాడు.

"నా జేబులో నిధులేం లేవురా," అన్నాడు బావ కుర్చీలో సర్దుకుంటూ. "వెతికింది చాలు గానీ, కారు తీసుకుని కదులు."

వర్క్‌షాపులో అతన్నందరూ గాభరా అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది బావే. పదిహేడేళ్ళ వయసులో అక్క వెంట వాళ్ళింటికి చేరిన మొదటి వారంలోనే పెట్టాడు. గ్యాస్ కట్టామా, తలుపు గడియ పడిందా, ఇస్త్రీ పెట్టె తీసేశామా అని అతను రాత్రుళ్ళు ఇంటిల్లిపాదినీ మంచం దించి మరీ అడిగేవాడు. తల మీద జుట్టు సగం రాలిపోయింది గానీ ఆ పేరు మాత్రం రాలలేదు. పెళ్ళి మాటెత్తితే, కట్టుకున్న మనిషికి ఏమైనా అయితే ఎలా అని ఒక రాత్రంతా ఆలోచించి వద్దన్నాడు. అక్కా బావల ఇంట్లో వెనక గది అతనిది. అక్కడి నుంచి వర్క్‌షాపుకి, వర్క్‌షాపు నుంచి అక్కడికి, బావ స్కూటర్ మీద వెనక కూర్చుని, బ్రేకు వెయ్యి బ్రేకు వెయ్యి అంటూ అతని జీవితం గడిచిపోయింది.

వర్క్‌షాపు ఒక పాత రన్‌వే పక్కన ఉంది. విమానాలు రావడం మానేసి చాలాకాలమైంది. పగుళ్ళలో గడ్డి మొలిచింది. ఒక అంచున దీపాలు లేని స్తంభాలు వరసగా మిగిలాయి. వాటికి సున్నం పూసి అంకెలు వేసింది గాభరానే. ఇక్కడికొచ్చే రిమోట్ కార్లు పిల్లలాడుకునేవి కావు. మోచెయ్యంత పొడవు, నున్నటి నల్లటి ఒళ్ళు, హైవే మీద పోయే అసలు కార్లను వెనక్కి నెట్టేంత వేగం. అంత వేగంలో సిగ్నల్ తెగితే అది ఇక కారు కాదు, ఎవరో గురి లేకుండా విసిరిన రాయి. కిందటి నెల బ్యాంకులో పనిచేసే ఒకావిడ కారు అలాగే సిగ్నల్ తెగి, జనం నిలబడ్డ కంచెను గుద్దుకుంది. అదృష్టం బాగుండి ఎవరికీ తగల్లేదు. ఆవిడ కొత్త రిమోట్ కొనుక్కుని, పాతదీ కొత్తదీ రెండూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏది ఎంత దూరం అందుతుందో చూడమంది. అందే దూరాన్ని ఇంకా పెంచగలిగితే పెంచమంది. ఆదివారం పందెం ఉందిట. మీరు ఎంతవరకంటే అంతవరకే వదులుతాను అని బావ చేతులు పట్టుకుని చెప్పి వెళ్ళింది.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రిమోట్ పట్టుకుని కూర్చోవాలి, ఒకరు కారు పట్టుకుని దూరంగా నడవాలి. మోటారు తీగ ఊడదీసి ఉంచుతారు కాబట్టి కారు పరుగెత్తదు. కూర్చున్నవాడు రిమోట్ పక్కనున్న చిన్న చక్రాన్ని మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పుతూ ఉంటే, నడిచేవాడి చేతిలో కారు ముందు చక్రాలు ఎడమకీ కుడికీ ఊగుతుంటాయి. ఎక్కడ ఊగడం ఆగితే అక్కడితో ఆ రిమోట్ పని సరి. వెంటనే ఎర్ర గుడ్డ ఎత్తాలి. కారును నేలకు దగ్గరగా పట్టుకోవాలి, ఎందుకంటే పందెంలో అది నేల మీదే పోతుంది. ఒంటికి అడ్డం రాకుండా కూర్చున్నవాడి వైపే పట్టుకోవాలి. అందుకని గాభరా నడుం వంచి, కారును నీళ్ళ బకెట్‌లా ఒక చేత్తో వేలాడదీసుకుని, పీతలా పక్కకి నడుస్తాడు.

చలికాలంలో బావకి ఛాతీలో నొప్పొచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. బరువులు మోయొద్దు, ఎండలో నడవొద్దు, నొప్పొస్తే మాత్ర నాలిక కింద పెట్టుకోండి అన్నారు. ఆ రోజు నుంచీ అక్క గాభరాకి ఒకటే మాట చెప్తోంది. "మీ బావ పక్కనే ఉండు. డాక్టర్ల మాట వినరు, నా మాట వినరు. నీ గాభరా ఒక్కటే ఆయనకి మందు."

పక్కనే ఉండాలి. కానీ అతని పనే పక్కన లేకుండా పోవడం. బావ ఎంత బాగా పనిచేస్తే గాభరా అంత దూరం నడవాలి. ఈ సంగతి అక్కకి చెప్పే ధైర్యం లేక ఇన్ని నెలలుగా కడుపులో దాచుకున్నాడు.

ముందు పాత రిమోట్ చూశారు. మొదటి స్తంభం, రెండోది, మూడోది. చక్రాలు ఊగుతున్నాయి. బావ చేతికొక పద్ధతుంది. ఎడమకి కాస్త ఎక్కువ తిప్పి, ఒక్క క్షణం ఆగి, కుడికి తెస్తాడు. ఆ ఊపు చూస్తుంటే గాభరాకి గుండె కుదుటపడుతుంది. నాలుగో స్తంభం దగ్గర చక్రాలు ఎడమకి తిరిగి అలాగే ఉండిపోయాయి. అంతే, అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. గుడ్డ ఎత్తడం మర్చిపోయి, కారు పట్టుకుని రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

బావ కుర్చీలో నిక్షేపంలా కూర్చుని ఉన్నాడు.

"ఏమైందిరా?"

"చక్రాలు ఆగిపోయాయి బావా."

"ఆగితే గుడ్డ ఎత్తమన్నారు గానీ పరుగు పందెం పెట్టమన్నారా? దీపం చూశావా?"

కారు నడుమ శనగగింజంత దీపం ఒకటి ఉంటుంది. చూడలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? దీపం మిణుకు మిణుకుమంటూ, చక్రాలు వంకరగా ఆగిపోతే సిగ్నల్ తెగినట్టు. దీపం నిలకడగా ఉండి, చక్రాలు తిన్నగా వచ్చి ఆగితే నేనే చెయ్యి తీసేసినట్టు. అప్పుడు మూడుసార్లు టకటకా ఆడిస్తాను, టీకి రా అని. అంతే లెక్క. మధ్యలో నువ్వు చచ్చి నన్ను చంపకు."

"అలాంటి మాటలనకు బావా."

"సరే, అనను. నాలుగో స్తంభం అని రాసుకో."

కొత్త రిమోట్ ఆరో స్తంభం దాకా అందింది. ఈసారి గాభరా దీపం చూశాడు, మిణుకుమంటోంది. గుడ్డ ఎత్తాడు. బావ దూరం నుంచి రెండు చేతులూ తలపైకెత్తి చప్పట్లు కొట్టాడు. ఆరో స్తంభం దగ్గర్నుంచి బావ ముఖం కనిపించదు. చొక్కా తెల్లగా కనిపిస్తుంది, అంతే.

తిరిగి వచ్చి ఇద్దరూ షెడ్డులో డబ్బాలు విప్పుకున్నారు. రేడియో పనికి అడ్డమని ఫోన్లు ఎప్పుడూ షెడ్డులోనే వదిలేస్తారు. తింటుండగా గాభరా ఫోన్ మోగింది.

"ఆయన తింటున్నారా?" అంది అక్క.

"తింటున్నాడు."

"పక్కనే ఉన్నావుగా?"

"పక్కనే ఉన్నానక్కా."

"వదలకు. పొద్దున ఎడమ భుజం నొక్కుకుంటున్నారు. అడిగితే సరిగ్గా పడుకోలేదన్నారు."

ఫోన్ పెట్టి బావ వైపు చూశాడు. బావ ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని, ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో కారు పైకప్పు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"భుజం నొప్పా?"

"మీ అక్క రిపోర్టు వచ్చేసిందా? అంత పెద్ద నొప్పేం కాదులే. ఇది చూడు. ఈ నల్ల ఒళ్ళు కార్బన్‌ది. దీని లోపల యాంటెన్నా చుట్టలు చుట్టుకుని పడుకుంది. దుప్పటి కప్పుకున్నవాడికి మనం పిలిస్తే వినిపిస్తుందా? బయటికి తీద్దాం."

"ఇవాళ్టికి చాలు బావా. ఆరో స్తంభం అని రాసిచ్చేద్దాం. ఇంటికి పోదాం."

"ఆవిడకి ఆరు చాలదురా. కారు ఆగడానికే రెండు స్తంభాల దూరం కావాలి. కంచె అవతల జనం ఉంటారు."

బావ పైకప్పులో సన్నని రంధ్రం చేసి, యాంటెన్నా తీగని ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి నిలువుగా పైకి లాగాడు. రిమోట్ యాంటెన్నా విప్పి, అంతకంటే పొడవైనది బిగించాడు. స్క్రూ బిగించేటప్పుడు ఒకసారి ఆగి, ఊపిరి తీసుకున్నాడు. గాభరా చూశాడు. గాభరా చూడడం బావ కూడా చూశాడు.

"చివరిది," అన్నాడు బావ. "ఇది అయ్యాక నువ్వెక్కడ పడుకోమంటే అక్కడ పడుకుంటాను. సరేనా?"

గాభరా మళ్ళీ బావ జేబు తడిమాడు. కుర్చీని నీడలోకి జరిపాడు. నీళ్ళ సీసా చేతికందేలా పెట్టి, మూత వదులు చేశాడు. ఇంక చేయడానికి ఏమీ లేక కారు అందుకున్నాడు.

నాలుగో స్తంభం, ఐదు, ఆరు. చక్రాలు ఊగుతున్నాయి. ఏడో స్తంభం దగ్గర సిగ్నల్ తెగిపోతే బాగుండునని మనసారా కోరుకున్నాడు. తెగలేదు. ఎనిమిదో స్తంభం దగ్గర ఇంకో ఆలోచన వచ్చింది. గుడ్డ ఇప్పుడే ఎత్తేస్తే? ఇక్కడితో తెగిపోయింది బావా అంటే? తక్కువ చెప్తే ఆవిడ కారు ఇంకా ముందే ఆపుకుంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఎర్ర గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ బావ ఆ ఎనిమిదిని నమ్మడు. తప్పెక్కడుందోనని మళ్ళీ అన్నీ విప్పి, ఎండలో కూర్చుని, ఇంకోసారి నడు అంటాడు. గుడ్డ జేబులో కుక్కుకుని నడిచాడు.

పదో స్తంభం. దాని తర్వాత స్తంభాలు లేవు. ఏ రిమోటూ ఇంతదూరం అందలేదు కాబట్టి కారు పట్టుకుని అతనెప్పుడూ ఇక్కడిదాకా రాలేదు. వెనక్కి చూస్తే తెల్ల చొక్కా బియ్యపు గింజంత ఉంది. చక్రాలు మాత్రం, ఎడమకి కాస్త ఎక్కువ, ఒక్క క్షణం ఆగి, కుడికి, ఊగుతూనే ఉన్నాయి. భయంలోనే అతనికి గర్వం కూడా కలిగింది. చూడు, ఇంత దూరం నుంచి మా బావ చెయ్యి, అనుకున్నాడు.

పదో స్తంభం దాటి ఇంకో నాలుగడుగులు వేసేసరికి ఊపు కొంచెం నెమ్మదించింది. విసుగు పుట్టి ఉంటుంది. ఎడమకి తిరిగి, ఆగి, కుడికి రావడానికి ఈసారి చాలాసేపు పట్టింది. తర్వాత చక్రాలు తిన్నగా వచ్చి ఆగాయి.

దీపం చూశాడు. నిలకడగా ఉంది.

టీ, అనుకున్నాడు. మూడుసార్లు ఆడిస్తాడు. ఇప్పుడు ఆడిస్తాడు. నీళ్ళు తాగుతున్నాడేమో, చెమట తుడుచుకుంటున్నాడేమో, తుడుచుకున్నాక ఆడిస్తాడు. కారును నేలకు ఇంకాస్త దగ్గరగా పట్టుకుని నిలబడ్డాడు. చక్రాలు కదల్లేదు. దీపం మిణుకుమంటే బాగుండు, ఒక్కసారి మిణుకుమంటే ఎంత బాగుండు. అది కళ్ళార్పకుండా అతన్నే చూస్తోంది.

పరుగెత్తాడు. నడుం వంచి, కారు బావ వైపే పట్టుకుని, అడ్డం రాకుండా పీతలా పరుగెత్తాడు. ముందుకి చూడలేదు. చక్రాల వైపే చూస్తూ, స్తంభాల నీడలు ఒక్కొక్కటే దాటుకుంటూ, ఆడించు బావా, ఆడించు బావా అని గొణుక్కుంటూ వచ్చాడు. రెండుసార్లు పడ్డాడు. కారు మాత్రం నేలకి తగలనివ్వలేదు.

బావ తల పక్కకి వాల్చి ఉన్నాడు. పొద్దున్నే లేపి తీసుకొచ్చిన మనిషి కునుకు తీసినట్టు ఉన్నాడు. కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. రిమోట్ ఒడిలో నిటారుగానే ఉంది. చక్రం మీంచి వేళ్ళు జారిపోయాయి. మాత్రల అట్ట జేబులోంచి సగం బయటికి వచ్చి ఉంది. ఒక్క మాత్రా తియ్యలేదు.

గాభరా అరిచిన అరుపుకి షెడ్డులోంచి వర్క్‌షాపు యజమాని పరుగెత్తుకొచ్చాడు. మాత్ర నాలిక కింద పెట్టారు. గుండె మీద నొక్కారు. అలసిపోయేదాకా నొక్కారు. యజమాని వ్యాన్ తెచ్చి, ఇద్దరూ కలిసి బావని వెనక పడుకోబెట్టారు. ఏం చెయ్యాలో తోచక యజమాని కుర్చీలో ఉన్న రిమోట్ అందుకుని, దాన్ని ఆపే మీట మీద వేలు పెట్టాడు.

"ముట్టుకోకండి!"

యజమాని అదిరిపడ్డాడు. గాభరా ఎవరినైనా కసరడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"కారు ముందు ఆపాలి. రిమోట్ తర్వాత. ఎప్పుడూ అంతే. బావ చెప్పాడు."

"సరే, అయితే కారు ఆపు."

గాభరా కారు చేతిలోకి తీసుకుని చూశాడు. దీపం నిలకడగా వెలుగుతోంది. కారుని ఆపే మీట బొటనవేలి కిందే ఉంది. వేలు కదల్లేదు. యజమాని అతని ముఖం చూసి, రిమోట్‌ని కుర్చీలో జాగ్రత్తగా పెట్టేసి, వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

వ్యాన్ వెనక తలుపులు సరిగ్గా మూసుకోవు. గాభరా బావ పక్కన చతికిలబడి, ఒక చెయ్యి బావ ఛాతీ మీద వేసి, రెండో చేత్తో కారుని నేలకి దగ్గరగా, తలుపు సందు వైపు పట్టుకున్నాడు. వ్యాన్ రన్‌వే పక్క దారి వెంట సాగింది. నాలుగో స్తంభం దాటింది. ఆరు దాటింది. పదో స్తంభం, అతను ఆగిపోయిన చోటు, అన్నీ దాటాయి. దీపం నిలకడగానే ఉంది.

షెడ్డులోంచి యజమాని తెచ్చి సీటు మీద పడేసిన గాభరా ఫోన్ మోగింది. మోగి ఆగి, మళ్ళీ మోగింది. యజమాని వెనక్కి అందించాడు. గాభరా దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"ఏరా, పక్కనే ఉన్నావుగా?" అంది అక్క.

బావ ఛాతీ మీద చెయ్యి మళ్ళీ ఆనించాడు.

"పక్కనే ఉన్నానక్కా," అన్నాడు.

గేటు దాటి వ్యాన్ మలుపు తిరిగింది. గోడ అడ్డం వచ్చింది. కారు నడుమ దీపం ఒకసారి ఆగి, మిణుకు మిణుకుమనడం మొదలుపెట్టింది. వెనక, ఖాళీ రన్‌వే మొదట్లో, మూత వదులు చేసిన నీళ్ళ సీసా పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో పొడవాటి యాంటెన్నా నిలబెట్టుకుని, రిమోట్ ఇంకా ఆన్‌లోనే ఉంది.