మనవరాలి తల మీద ఒట్టు

నలభై ఏళ్ల బీడీని మాన్పించడానికి డాక్టరు ఉజ్మా పెద్దులును అడిగింది మానే తారీఖు ఒకటి మాత్రమే. ఏ బీడీ లేకపోతే ప్రాణం పోయినట్టుంటుందని కూడా అడిగింది. చాయ్ తాగాక ఒకటి, గుబులైతే ఒకటి అన్నాడు. ఆ వేళలకని నికోటిన్ గమ్ము ఇచ్చి, రెండు కొరుకులు కొరికి బుగ్గన పెట్టుకోమంది, శనగల్లా నమలొద్దంది. ఇంతవరకు బాగానే ఉంది. ఇంటికొచ్చాక బాలనర్సమ్మ ఊరుకుంటేగా! ఉత్త తారీఖును నమ్మేదేముందని, నాలుగేళ్ల మనవరాలు కోమల తల మీద మొగుడి చెయ్యి పెట్టించి మరీ ఒట్టేయించింది.

ఇరవై రెండు రోజులు పెద్దులు బీడీ ముట్టలేదు. ఇరవై మూడో రోజు వడ్ల కొనుగోలు కేంద్రంలో, వడ్లు ఇంకా కాంటా మీద తూగకముందే, మబ్బు కమ్మింది. కుప్ప మీద టార్పాలిన్ పట్టా కప్పి అంచు తొక్కిపట్టి నిలబడ్డాడు. గమ్ము చూస్తే ఇంట్లో మరిచాడు. పక్క కుప్ప జానయ్య బీడీ అందించాడు. సగం కాలాక గాని ఒట్టు గుర్తుకు రాలేదు. వాన పడలేదు, వడ్లు తడవలేదు. పొద్దుగూకేసరికి కోమల ఒళ్లు మాత్రం పెనంలా కాలింది.

తెల్లారగానే పిల్లను భుజాన వేసుకుని పల్లె దవాఖానకు నడిచాడు. ఆ కాస్త దారిలోనే పదిసార్లు చచ్చి బతికాడు. ఉజ్మా పిల్ల నోరు తెరిపించి చూసి, మందు తాగించి పడుకోబెట్టింది. పెద్దులు పిల్ల పక్కనుంచి కదలకపోవడం చూసి ఏమైందని అడిగింది.

"పిల్లకు నేనే జేసిన డాక్టరమ్మా. దాని నెత్తి మీద ఒట్టేసి నిన్న బీడీ తాగిన."

ఆమె నవ్వలేదు. పిల్లకు గొంతు వాచిందని, ఈ వారంలోనే ఇట్లాంటి జ్వరాలు పదకొండు వచ్చాయని, ఆ పిల్లల తాతలెవరూ ఒట్లు వేసినట్టు లేదని చెప్పింది. మూడు రోజుల్లో తగ్గుతుందంది. ఇన్నాళ్లలో ఎన్ని తాగావని అడిగింది. ఒక్కటి, అదీ సగమే అన్నాడు.

"రోజుకో కట్ట తాగెటోనివి. గిన్ని రోజులల్ల సగం బీడీ. మానుడంటే గిట్లనే ఉంటది పెద్దయ్యా. నేను తారీఖు అడిగిన గని ఒట్టు అడిగిన్నా? ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. గమ్ము మాత్రం జేబుల పెట్టుకో."

పెద్దులు గుండెల మీది బండ దిగింది. ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు. గంటకు కోమలకు చెమట పోసి జ్వరం కాస్త దిగింది. ఇంటిదారిలో పొలం గట్టు దగ్గర ఆగి, పిల్ల తల మీది నుంచి పిడికెడు ఏదో ఎత్తినట్టు ఎత్తి, నిజంగానే గట్టు మీద పెట్టాడు. అది చూసి కోమల కూడా తన పిడికిలి అక్కడ ఖాళీ చేసింది. బాలనర్సమ్మకు ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె కోపం కూడా పిల్ల జ్వరంలాగే మూడు రోజులుంది.

నాలుగో రోజు కాంటా వంతు కోసం కూర్చున్నప్పుడు మళ్లీ మబ్బు పట్టింది. జానయ్య మళ్లీ బీడీ చాపాడు. ఇప్పుడు ఏ ఒట్టూ అడ్డం లేదు, తాగినా పిల్లకేమీ కాదు. పెద్దులు ఆ బీడీ వంక కాసేపు చూశాడు. జేబులోంచి గమ్ము తీసి, రెండు కొరుకులు కొరికి, బుగ్గన పెట్టుకున్నాడు.