కట్టినవాళ్లే విప్పాలి

"తలగుడ్డ కట్టకుండా లోపలికి దూరాడు. తన చావు తనే కొనితెచ్చుకున్నాడు!"

పత్తి ఏకే యంత్రంలోంచి శవాన్ని ఇంకా బయటికి తీయకముందే మేస్త్రీ అన్న మాట ఇది. ఎంత సిద్ధంగా ఉందో చూడండి వాడి నాలుక మీద! అదే మిల్లులో నూలు వడికే ఖాతాలోంచి పరుగెత్తుకొచ్చిన చచ్చినవాడి పెళ్లాం చెవిన మొట్టమొదట పడింది అదే.

ఆ పట్టణంలో మిల్లులన్నీ ఆవిరితో నడిచే రోజులు. యంత్రంలో పత్తి ఇరుక్కుంటే ఓ మనిషి లోపలికి దూరి తీయాలి. దూరేముందు తన తలగుడ్డని యంత్రాన్ని నడిపించే పిడికి కట్టాలి. కట్టినవాడే బయటికొచ్చి విప్పాలి, అంతవరకూ ఇంకొకడు ఆ పిడి ముట్టకూడదు. ఆ ముడిని నమ్ముకునే మనుషులు ఆ ఇనప పళ్ల మధ్యకి వెళ్లేవారు.

పోలీసులొచ్చారు. మేనేజరు గదిలో టీ తాగి, ప్రమాదమని తేల్చేశారు.

ఆమె పిడి దగ్గరికి వెళ్లింది. గుడ్డ లేదు గానీ ముడి అక్కడే ఉంది, రెండు కొసలూ కోసేసి. ఆకుపచ్చ అంచు. తన పాత చీర చింపి తనే ఇచ్చిన గుడ్డ.

"కట్టాడు! నా మొగుడు కట్టాడు! ఎవడో కోశాడు!" అని గొల్లుమంది.

సాయంత్రం కొళాయి దగ్గర అంతా చేరారు.

"పోయినవాడు ఎలాగూ రాడు. పిల్లల మొహం చూసుకోమ్మా," అన్నాడు ముసలి నేతగాడు.

"ఆ పిల్లలకేం చెప్పను బాబాయ్? మీ నాన్న ఒళ్లు తెలీక చచ్చాడనా?"

పిడి తిప్పే మనిషి ఆమెకి వరసకి మరిది. అంతవరకూ గోడకి ఆనుకుని నిలబడ్డవాడు భోరుమన్నాడు. "వదినా, నన్ను చంపెయ్! చాకుతో కోసింది మేస్త్రీ. 'మనిషి బయటికొచ్చేశాడు, తిప్పరా, బండికి సరుకందాలి' అన్నాడు. తిప్పాను."

"నిన్ను చంపితే వాడు బతికిపోతాడు. ఈ మాట పోలీసులకి చెప్పు. ముడి చూపిద్దాం."

తెల్లారి ఇన్‌స్పెక్టర్ని వెంటబెట్టుకుని వెళితే పిడి తళతళలాడుతోంది. నూనె పెట్టి మరీ తుడిచారు దుర్మార్గులు!

"ఏ ముడి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నిజం చెప్పబోయిన మరిది చెంప ఛెళ్లుమనిపించాడు.

బయట ఆపిన తన బండి దగ్గరికి వెళ్లిపోయాడు. వెనకే ఆమె కూడా బయటికి నడిచింది. మిల్లు గేటు మూసి, కొంగు చింపి, రెండు రెక్కల ఊచలూ కలిపి ముడేసింది.

"నేను కట్టాను. ఎవడు విప్పుతాడో విప్పండి!"

వెంట వచ్చిన మరిది తన తలగుడ్డ తీసి కట్టాడు. ముసలి నేతగాడు, "ఈ బట్టతలకి గుడ్డెందుకులే," అని సణుక్కుంటూనే కట్టాడు. పనిలోకి వచ్చిన జనంలో ఇక తోపులాటే. ఊచ దొరకనివాళ్లు పక్కవాళ్ల గుడ్డకే ముడేశారు. మిల్లు కూత మీద కూత వేసింది. ఒక్కరూ కదల్లేదు.

"మేస్త్రీ! చూస్తావేం? కోసెయ్!" లోపలినుంచి మేనేజరు అరిచాడు.

మేస్త్రీ మొలలోంచి చాకు తీశాడు. అలవాటైన చెయ్యి, ఆమె ముడినే పట్టుకుంది.

"అచ్చం ఇలాగే కోశావు కదూ?" అందామె ఊచల ఇవతలినుంచి.

మేస్త్రీ తలెత్తాడు. వందల కళ్లు వాడి చాకు మీదే ఉన్నాయి. చెయ్యి కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆమె రెక్క పట్టి పోలీసు బండెక్కించాడు. "విప్పమని చెప్పు వాళ్లకి, వదిలేస్తా."

"మా ఆయన్ని చంపినవాళ్లు ఇంకా లోపలే ఉన్నారయ్యా. వాళ్లని బయటికి తీయండి. అప్పుడొచ్చి విప్పుతా."

బండి కదిలింది. గేటు ముందు నుంచి జనం కదల్లేదు.